పళ్ల డాక్టరుగారి పళ్లాలు

పళ్ల డాక్టరుగారికి పళ్లాల పిచ్చి. ఇప్పటివి కావు, ఆయన పుట్టకముందు తయారై, అంచుల్లో ఆకులో, చుక్కలో, వంకర గీతలో ఉన్నవి. వాటికి తోడు ఆ కాలపు దీపాలు. హాల్లో మూడు సన్నకాళ్ల మీద ఒకటి కొంగలా నిలబడి ఉంటుంది. భోజనాల బల్ల మీద నారింజరంగు దీపం ఎంత కిందికి వేలాడుతుందంటే, ఆ ఇంట్లో కడుపు నిండి లేచినవాళ్లందరికీ నుదుట బొప్పి ఖాయం. కాస్త పైకి కట్టించమని భార్య అంటే, దాని అందమంతా ఆ ఎత్తులోనే ఉందని ఆయన కోప్పడేవారు.

అద్దాల బీరువా నిండింది. అటకా నిండింది. ఆ తర్వాత పక్షిముక్కు కూజాతో ఒక టీ సెట్టు దొరికింది. వంటింటి అలమరలో చోటుంది గాని, అక్కడ భార్య రోజూ వాడే తెల్ల పళ్లాలున్నాయి. ఇంకొక్క కప్పు గడప దాటి లోపలికొస్తే తాను గడప దాటి బయటికెళ్తానని ఆవిడ అంతకుముందే చెప్పేసింది.

ఆవిడ పుట్టింటికి వెళ్లిన రోజు చూసి, డాక్టరుగారు తెల్ల పళ్లాలన్నీ అట్టపెట్టెలో సర్ది క్లినిక్కుకు చేరవేసి, ఆ చోట టీ సెట్టు పెట్టేశారు. ఆవిడ తల్లిని వెంటబెట్టుకొని తిరిగొచ్చేసరికి ముఖం వేలాడేసుకొని, అలమరలో బల్ల విరిగి అన్నీ ముక్కలయ్యాయన్నారు.

"అన్నీనా?"

"అన్నీ."

"బల్ల బాగానే ఉందే."

"మేకులు కొట్టి బాగుచేశా."

"మీరా?" అంది ఆవిడ. గోడకు మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకునే మనిషాయన.

ఆవిడ అద్దాల బీరువా తెరిచి, ఆకుల అంచు పళ్లాలు బయటికి తీసింది. తినడానికి ఏదో ఒకటి కావాలిగా అంది.

ఆ పూట అత్తగారు కూరను చెంచాతో గీకి గీకి తిన్నారు. ఇతరుల పళ్లు జివ్వుమనిపించడం డాక్టరుగారి వృత్తి. తన పళ్లు జివ్వుమనడం అదే మొదలు.

మర్నాటికి ఆయన సేకరించిన వెన్నగిన్నెలో అంట్ల సబ్బు చేరింది. పక్షిముక్కు కూజా మొక్కలకు నీళ్లు పోస్తోంది. చుక్కల పళ్లెం పూలకుండీ కింద బురదనీళ్లు పడుతోంది. కొంగదీపం మీద అత్తగారి తడి తువ్వాలు ఆరుతోంది.

డాక్టరుగారికి ఒళ్లు మండిపోయింది. "అది బట్టలారేసే కొయ్య కాదు."

"తెలుసు. కొయ్యయితే ఇంకో రెండు పట్టేవి," అంది భార్య.

ఆయన విసవిసా క్లినిక్కుకు వెళ్లారు. నర్సు తింటున్న పళ్లెంతో సహా అన్నీ లాక్కొని, పెట్టెలో సర్దుకొని ఇంటికొచ్చారు. అదృష్టం, అచ్చం అలాంటివే దొరికాయని, సరికొత్తవని చెప్పారు.

భార్య ఒక్కో పళ్లెం వెలుతురుకు పట్టి చూసింది. అప్పటికి ఖాళీ అయిన అద్దాల బీరువాలో అన్నీ వరసగా నిలబెట్టి, తాళం వేసి, తాళంచెవి చేతిసంచిలో పడేసుకుంది.

"కొత్తవి కదండీ. వాడితే పాడైపోతాయి. చూసుకుంటూ ఉందాం."

బల్ల మీద ఆకుల పళ్లెంలో అత్తగారి చెంచా మళ్లీ కిర్రుమంది. డాక్టరుగారు తట్టుకోలేకపోయారు.

"అవి కొత్తవి కావే. నీ పాతవే. విరిగాయని అబద్ధం చెప్పాను."

"నాకు తెలుసు. పళ్లాలు పంపినందుకు మీ నర్సు ఆ రోజే ఫోన్ చేసి మెచ్చుకుంది." ఆవిడ గొంతు పెంచలేదు. డాక్టరుగారికి అందుకే ఎక్కువ భయమేసింది. "మనం కాపురం పెట్టినప్పుడు కొట్టు కొట్టూ తిరిగి ఏరుకున్నవి. మీకు చోటు కావాల్సొస్తే తీసేశారు. నన్నో మాట అడగాలనిపించలేదు."

డాక్టరుగారు తప్పయిందన్నారు. పాతవని ఒప్పుకున్నాను కాబట్టి ఇక తాళం తియ్యమన్నారు.

"ఎందుకు? పాతవైతేనే కదా మీరు అద్దాల బీరువాలో పెట్టేది," అంది భార్య.

ఆవిడ ఆకుల పళ్లెంలో కూర వడ్డించి ఆయన ముందుకు తోసింది. తిన్నాక ఆయన పళ్లెం ఆయనే కడుక్కోవాలని, సబ్బు వెన్నగిన్నెలో ఉందని చెప్పింది.