వెనిగర్ జాడీలో పడ్డ ఆదివారం

ఆ ఆదివారం పొద్దున్న సిల్వాన్ వేసుకున్న పథకంలో ఒక్క లోపం కూడా లేదు. దాన్ని పాడుచేయగల మనిషి మాత్రం అప్పటికే వంటింట్లో కూర్చుని క్యాబేజీ తరుగుతోంది.

మధ్యాహ్నం భోజనానికి మైలిస్ తాత రమోన్ వస్తాడు. మదిరాన్ కొండవాలున ఆయనకు ద్రాక్షతోట ఉంది. మైలిస్‌ను చేసుకోబోయే సిల్వాన్ చేతిలో వైన్ తొట్టెల గది తాళంచెవి పెట్టాలా, లేక తోటను పక్క ఊరి వ్యాపారికి అమ్మేయాలా అన్నది ఈ భోజనం దగ్గరే తేలుస్తానని ఆయన అన్నాడు. సిల్వాన్ వైన్ తయారీ చదువుకున్నవాడే. అయితే పోటీ వైన్ సీమ బోర్డోలో పుట్టాడు. మదిరాన్‌లో అది మామూలు నేరం కాదు.

భోజనానికి గార్బూర్ అనుకున్నారు. క్యాబేజీ, తెల్ల చిక్కుడు గింజలు, తన కొవ్వులోనే మగ్గిన బాతు తొడలు వేసి, గరిటె నిలబడేంత చిక్కగా కాచే సూప్ అది. దానికి జోడీ ఏ వైన్ అన్న ప్రశ్నే లేదు. మైలిస్ పుట్టిన యేడు రమోన్ స్వయంగా నింపిన మదిరాన్ వైన్, ఆఖరి సీసా. నెల కిందట మైలిస్ అందరి ముందూ అడిగేసరికి ఆయన కాదనలేక తెచ్చి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు సీసాను వెంటనే వదల్లేదు. మనవరాలి మీద ప్రేమ అనుకున్నారు.

ఆ కొండ వైన్ వగరు. కొన్ని గంటలు గాలి తగిలితేగాని మెత్తబడదు. మెత్తబడితే బాతు కొవ్వును నాలుక మీంచి చీపురు పెట్టి ఊడ్చినట్టు ఊడ్చేస్తుంది. అందుకని సిల్వాన్ పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందే బిరడా తీశాడు. వైన్‌ను గాజు కూజాలోకి వంచి, వంటింటి కిటికీలో చల్లగా ఉన్న చోట పెట్టాడు. రుచి చూడలేదు. తొలి గుక్క పెద్దాయనది. ఖాళీ సీసాను భోజనాల గదిలో అందరికీ కనబడేలా నిలబెట్టి, గడ్డం గీసుకోవడానికి మేడ మీదికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి కూజా కడిగి బోర్లించి ఉంది.

"మామ్మగారూ," అన్నాడు సిల్వాన్, కిటికీ వైపు చూపిస్తూ. "ఇక్కడ వైన్ ఉండాలి."

ఇంటావిడ బెర్త్రాన్ తల ఎత్తలేదు. ఆవిడ రమోన్‌కు అక్క. పై గదులు తమ్ముడి మనవరాలు మైలిస్‌కు ఇచ్చి, కింద తను ఉంటోంది. "రాత్రి మిగిలిందేగా నాయనా? మూతైనా పెట్టకుండా వదిలేశావు. జాడీలో పోశాను."

వంటింటి మూల, ఆవిడ పెళ్ళినాటి నుంచీ ఆ ఇంట్లో మిగిలిన వైన్‌నంతా మింగుతూ వస్తున్న మట్టి వెనిగర్ జాడీ ఉంది. ఆ ప్రాంతంలో పొద్దున్నపూట మూతలేని వైన్ కనబడితే పోవలసిన చోటు అదొక్కటే. వైన్‌కు గాలి పట్టించాలని కూజాలో పోసేది బోర్డో వాళ్ళు.

అది ఏ వైనో చెప్పేద్దామనుకున్నాడు సిల్వాన్. చెబితే ఆవిడ తమ్ముడికి చెబుతుంది. తమ్ముడు వ్యాపారికి ఫోను చేస్తాడు. నోరు మూసుకున్నాడు. ఆవిడ క్యారట్ల కోసం పెరట్లోకి వెళ్ళగానే గరిటె పట్టుకుని జాడీ మీద పడ్డాడు. కొత్తగా పోసింది ఇంకా పైనే తేలుతుండవచ్చు. ఒక గరిటెడు నోట్లో పోసుకున్నాడు. కళ్ళలోంచి, ముక్కులోంచి, చెవుల్లోంచి కూడా ఏదో బయటికి వచ్చినట్టనిపించింది.

"ఏం చేస్తున్నావక్కడ?" గుమ్మంలో బెర్త్రాన్.

"కడుపులో... బాగాలేదు మామ్మగారూ. వెనిగర్ మంచిదంటారుగా."

"అయ్యో, అడగకూడదూ?" అంటూ ఆవిడ ఇంకో గ్లాసు ముంచి ఇచ్చింది. పక్కనే నిలబడి పూర్తిగా తాగించింది.

ఇక మిగిలింది నేరమే. సిల్వాన్ పెట్టెలో అడుగున, బట్టల మధ్య, ఒక బోర్డో వైన్ సీసా ఉంది. రంగు కాస్త తక్కువ, వగరు బాగా తక్కువ. బెర్త్రాన్ మళ్ళీ పెరట్లోకి వెళ్ళినప్పుడు ఆ వైన్‌ను కూజాలో పోసి, నల్లటి టీ డికాక్షన్ కాచాడు. చల్లార్చి, చెంచా చెంచాగా కలుపుతూ రుచి చూశాడు. మూడో చెంచాకు నాలుక గరుకెక్కింది. ఇంకొకటి వేశాక చిగుళ్ళు పళ్ళను పట్టుకున్నాయి. బోర్డో వైన్ రమోన్ తాత కోటు తొడుక్కుని నిలబడినట్టుంది.

రొట్టెతో వచ్చిన మైలిస్ కూజాను వెలుగులోకి ఎత్తి చూసింది. "ఎంత నల్లగా ఉందో చూడు. నా వయసంత వైన్." ఆ మురిపెంలోనే తాతకు ఫోను చేసింది. "తాతయ్యా, పొద్దున్నే తెరిచేశాడు. కూజాలో ఉంది."

అవతల రమోన్ వెంటనే అడ్డొచ్చాడు. "ఎవరైనా రుచి చూశారా?"

"లేదు తాతయ్యా."

"చూడనివ్వకు. వస్తున్నా."

ఆ మాటలు సిల్వాన్‌కూ వినబడ్డాయి. ముసలాయనకు అనుమానం వచ్చింది. లేకపోతే ఇంత తొందరెందుకు?

రమోన్ తోట బూట్లతోనే వచ్చాడు. నేరుగా సీసా దగ్గరికి వెళ్ళి, బిరడా తీసుకుని వాసన చూశాడు. జేబులో వేసుకున్నాడు. సిల్వాన్ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"వీడికి కడుపులో బాగాలేదురా," అంది బెర్త్రాన్. "పొద్దున్నే నా వెనిగర్ తాగాడు పాపం."

రమోన్ ముఖం ఒక్కసారి వెలిగింది. "అయితే ఇవాళ వైన్ వద్దు. ముట్టుకోనే వద్దు బాబూ. నీకు నీళ్ళు చాలు."

మైలిస్ బిత్తరపోయింది. తోట చూసుకోవలసినవాడు అదే తోట వైన్ తాగలేడా? సిల్వాన్‌కు ఆ మాట వేరేగా వినబడింది. తనను బల్ల దగ్గరి నుంచి లేపేస్తున్నారు. అంటే తాళంచెవి పోయినట్టే.

"తాగుతాను తాతగారూ," అన్నాడు మొండిగా. "ఇప్పుడు బాగానే ఉంది."

"వద్దంటుంటే."

"తాగుతాను."

రమోన్ ముఖంలో వెలుగు ఆరిపోయింది.

గార్బూర్ వచ్చింది. గరిటె నిలబడింది. అందరూ తింటున్నారు, ఇద్దరికి మాత్రం రుచి తెలియడం లేదు. మైలిస్ గ్లాసులు తెచ్చింది. సిల్వాన్ కూజా ఎత్తాడు. పెద్దాయన ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు. ముప్పయ్యేళ్ళుగా ఆ కొండ వైన్ చేసిన ముక్కు అది.

"గ్లాసులు తీసెయ్," అన్నాడు రమోన్.

అందరూ చూశారు.

"ఇంతటి సూప్ పెట్టుకుని గ్లాసులేమిటి? షాబ్రో చేద్దాం."

గిన్నె అడుగున మిగిలిన వేడి రసంలో వైన్ పోసి, గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేయడమే షాబ్రో. పొలం పనివాళ్ళు రోజూ చేసేది. బాతు కొవ్వు, వెల్లుల్లి, క్యాబేజీ కలిశాక అందులో ఏ వైన్ పోశారో పోసినవాడికే తెలియదు.

"అద్భుతమైన ఆలోచన తాతగారూ," అన్నాడు సిల్వాన్. వెంటనే నాలుగు గిన్నెల్లోనూ పోసేశాడు. చుక్క మిగలలేదు. నాలుగు గిన్నెలు లేచాయి, దిగాయి.

రమోన్ మూతి తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలి, పొద్దుటి నుంచీ మొదటిసారి ఊపిరి వదిలాడు. "బోర్డో వాడివై ఉండీ గ్లాసులో ముక్కు పెట్టి ఉపన్యాసం ఇవ్వలేదు. ఈ తిండికి ఈ వైన్ ఎలా పొయ్యాలో నీకు తెలుసు." తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"మన కొండ వాసన తాతయ్యా," అంది మైలిస్ తడి కళ్ళతో. "ఇన్నేళ్ళు దాచావు. పొద్దుటి నుంచీ ఆ కూజాలో..."

"ఏ కూజా?" అంది బెర్త్రాన్. "పొద్దున్న కిటికీలో ఉన్న కూజానా? అది వెనిగర్ జాడీలో పోశాగా."

సిల్వాన్ తాళంచెవి వైపు చూశాడు, చివరిసారి చూస్తున్నట్టు.

"అది నేను పుట్టిన యేటి వైన్ మామ్మా," అంది మైలిస్.

"అదా? వెర్రిదానా, పోసేముందు నేను రుచి చూడనా? మంచి వైన్ వెనిగర్‌లో పోస్తానా? అది ఊళ్ళో పెట్రోలు బంకు పక్క కొట్లో లీటరు లెక్కన అమ్మే సరుకు. ఆ వాసన నాకు తెలీదా?"

ఇప్పుడు అందరి తలలూ రమోన్ వైపు తిరిగాయి. రమోన్ ఖాళీ గిన్నెలోకి చూస్తున్నాడు.

"వడగళ్ళు పడ్డ ఏడాది," అన్నాడు చివరికి. "పక్కవాళ్ళ తోటలన్నీ నేలమట్టం. మన గట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. బతికిపోయామనిపించింది. చేతికందిన సీసా అదే. తరవాత ఏదో ఒకటి నింపి బిరడా కొట్టాను. ఎవరూ అడగరనుకున్నా. నువ్వు అడిగావు. పైగా వీడు వైన్ చదువు చదివినవాడు. ఈ నెలంతా నిద్ర లేదు."

"ఎలా ఉంది?" అంది మైలిస్.

"నిలబడే తాగేశానమ్మా. చాలా బాగుంది."

ఒక క్షణం ఆమె కోప్పడుతుందనే అనుకున్నారు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆ చేతి వెనక నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి సిల్వాన్‌కు ధైర్యం వచ్చింది. తన బోర్డో సీసా సంగతీ, టీ సంగతీ చెప్పేశాడు.

రమోన్ గిన్నె అడుగును వేలితో రాసి నాకాడు. "టీయా?"

"నాలుగు చెంచాలు."

పెద్దాయన తాళంచెవిని బల్ల మీద తన వైపుకు జరిపాడు. సిల్వాన్ గుండె దాంతోపాటే జరిగింది. రమోన్ దాన్ని అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"బోర్డో వైన్‌తో మా కొండ వాసన తెప్పించినవాడికి మా ద్రాక్షపండే ఇస్తే ఏం చేస్తాడో చూడాలనుంది. టీ మాత్రం ఇంట్లో వదిలి రా."

"మీ మగాళ్ళ వైన్లకో దణ్ణం," అంటూ బెర్త్రాన్ తన జాడీ వెనిగర్ కలిపిన సలాడ్ గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. ఇద్దరు దోషులూ పొద్దుటి నుంచీ తెలియని ఆకలంతా అప్పుడే గుర్తొచ్చినట్టు దాని మీద పడ్డారు.

ఆ రోజు ఆ బల్ల మీద తన అసలు పేరుతో వచ్చింది సలాడ్‌లోని వెనిగర్ ఒక్కటే.