మా బావ చెయ్యి, మేనకోడలి డిస్టింక్షన్

వైద్య విద్యార్థుల చేత కాళ్లూ చేతుల నరాలన్నీ బట్టీ కొట్టించడం అన్యాయమనేవాళ్లు ఈమధ్య ఎక్కువైపోయారు. నన్నడిగితే, మానవజాతికి ఇంతకు మించిన మేలు మరొకటి జరగలేదు!

నమ్మరా? మా అక్కయ్య ఇంటికి వెళ్లి చూడండి. ఆమె కూతురు డాక్టరు చదువు మొదటి సంవత్సరంలో ఉంది. మెడ దగ్గర బయల్దేరిన నరం దారిలో ఏ కండను పలకరించి, ఏ వేలి కొసన ఆగుతుందో గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. ఆ ధాటికి పక్కవాటావాళ్లు టీవీ కట్టేశారు. మా అక్కయ్య వంటింట్లో మీడియన్, రేడియల్, అల్నార్ అని గొణుక్కుంటూ నరానికో చిటికెడు ఉప్పు వేస్తోంది. బీపీ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇక మా బావ. ఆయన దర్జీ. కూతురి చదువు కోసం ఏకంగా తన కుడిచేతినే ఇచ్చేశాడు. సాయంత్రం మిషను ఆపి, చొక్కా చెయ్యి పైకి మడిచి, చేతిని బల్ల మీద చాపుతాడు. పిల్ల దాని మీద రంగు పెన్నులతో నరాలు గీస్తుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని, తమ చొక్కాలకూ అలాంటి గీతలు కుట్టమంటున్నారు. చదువు వల్ల వ్యాపారం పెరగడమంటే ఇదే కదా!

ఒకరోజు ఏ వేలి స్పర్శ ఏ నరానిదో వల్లె వేసుకుంటూ, ఆయన వేళ్లను గుండుసూదితో తాకుతూ పోయింది. బొటనవేలికి తెలిసింది. చూపుడు వేలికీ తెలిసింది. చిటికెన వేలి దగ్గరకొచ్చేసరికి ఆయన తెలియడం లేదన్నాడు.

"సరిగ్గా చెప్పు నాన్నా. అక్కడ తెలియాలి. పుస్తకంలో ఉంది."

మళ్లీ గుచ్చింది. నిద్రలేక దాని కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పరీక్ష దగ్గర పడింది. బావ ఆ ముఖం చూసి, తెలుస్తోందమ్మా అన్నాడు. అది నిశ్చింతగా తర్వాతి పేజీకి వెళ్లింది. పుస్తకం మనిషిని ఎలా దారిలో పెడుతుందో చూశారా! ఆ తర్వాత కూడా బావ చేతిలోంచి బొత్తాలు జారిపోతూనే ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి అక్కయ్యను పిలుస్తున్నాడు. అక్కయ్యకూ, నాకూ, కాబోయే డాక్టరుకూ అది వయసు ప్రభావంగానే కనబడింది.

పరీక్షలో పెద్ద ప్రొఫెసరుగారు, మోచేతి దగ్గర అల్నార్ నరం నలిగితే ఏమవుతుందని అడిగారట. మా పిల్ల తడుముకోలేదు. చిటికెన వేలూ, దాని పక్క వేలిలో సగమూ మొద్దుబారతాయి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ కరుగుతుంది. చిన్న వస్తువులు చేతిలో నిలవవు. మోచెయ్యి బల్లకు ఆనించి పనిచేసేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఆలస్యం చేస్తే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు. డిస్టింక్షన్!

ఇంటికొచ్చి ఆ జవాబంతా అక్షరం పొల్లుపోకుండా మాకు వినిపించింది. అక్కయ్య ఆనందంతో కళ్లు తుడుచుకుంది. నేను చప్పట్లు కొట్టాను. బావ మాత్రం తన చేతివంక చూసుకుంటూ కూర్చున్నాడు. నా చప్పట్లు నాకే సిగ్గనిపించి ఆపేశాను.

"పరీక్షలన్నీ అయిపోయినట్టేగా తల్లీ," అన్నాడు బావ మెల్లగా. "ఆ చిటికెన వేలి సంగతి ఇప్పుడు నిజం చెప్పొచ్చా?"