తీగల కింద తేనెపెట్టెలు

ఆ పొద్దున రత్నాలు అనుకున్న పని ఒక్కటే: తేనె తీసి డుంబ్రిగుడ సంతకు పట్టుకెళ్ళడం. పెట్టెలు ఆమె కాఫీతోటలో, పెద్ద కరెంటు లైను కింద ఉన్నాయి. అంతలో వైజాగ్ నుంచి ఉదయ్ అనే పరిశోధక విద్యార్థి మీటరు పట్టుకుని బైకు మీద వచ్చాడు. కరెంటు తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం తేనెటీగలను ఏమైనా చేస్తుందేమో చూస్తాడట. అది బలంగా ఉంటే ఈగలు దారి మరిచిపోవచ్చని కొందరు రాశారనీ, ఇక్కడి సంగతి ఇంకా తేలలేదనీ చెప్పాడు. రత్నాలు మొదటి సగమే విన్నది.

ఆమె వెంటనే లైను కింది మంచం వైపు చూసింది. భర్త సన్యాసిరావు రోజూ ఆ లైను కిందే మంచం వేసుకుని పడుకుంటాడు. మొన్న ఉప్పు తెమ్మంటే బెల్లం తెచ్చాడు.

"మనిషికీ అంతేనా బాబూ?"

"అలాగని ఎక్కడా తేలలేదండీ."

తేలలేదంటే రేపో మాపో తేలుతుందన్నమాటే అనుకుంది రత్నాలు. మొగుణ్ణి లేపి, తమ పెళ్ళి ఏ వారం అయిందో చెప్పమంది. అతను నిద్రకళ్ళతో ఆకాశంకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఏడుపు విని వచ్చిన పక్క తోటామె కనక, ఇంటికి పోయి తన భర్తనీ అదే అడిగింది. ఆమె మరో ఇద్దరికి చెప్పింది. మధ్యాహ్నానికి ఊళ్ళో పెళ్ళి వారం చెప్పగలిగిన మగవాడు ఒక్కడూ మిగల్లేదు.

ఇక ఎవరికీ అనుమానం లేదు. మంచాలు, మేకలు, పశువుల పాక సామాను, చివరికి తేనెపెట్టెలు అన్నీ లైనుకు దూరంగా కదిలాయి.

"ఏటలా సూత్తన్నావు బాబూ, ఓ సెయ్యెయ్యి. బేగి మొయ్యాల" అంది రత్నాలు. కాదనలేక ఉదయ్ కూడా ఒక పెట్టె భుజానికెత్తుకుని గట్టెక్కాడు.

కాసేపటికి కాఫీపూల మీద నుంచి ఈగలు తిరిగొచ్చాయి. వేలకొద్దీ పాత చోటే గిరగిరా తిరిగి, చివరికి అక్కడే ఆపి ఉన్న ఉదయ్ బైకు సీటుకు గుత్తిలా వేలాడాయి. రత్నాలు నేలమీద కూలబడింది.

"దారి మరిసిపోనాయి. నా బతుకు పోనాది."

ఉదయ్ బైకుకేసి, గట్టుమీది పెట్టెలకేసి చూశాడు.

"మరిచిపోలేదండీ. సరిగ్గా ఇంటికే వచ్చాయి. మనమే ఇల్లు ఎత్తుకుపోయాం."

పెట్టెలు మళ్ళీ కిందికి దిగాయి. చీకటి పడేలోగా ఈగలన్నీ లోపలికి చేరాయి. బైకు ఖాళీ అయ్యేదాకా కూర్చున్న ఉదయ్, ఏ లైనూ లేని వీధిలో ఉండే తన తండ్రికీ పెళ్ళి వారం తెలియదని చెప్పాక, రత్నాలు కుదుటపడి పొయ్యి వెలిగించింది, సన్యాసిరావుకి అన్నం దొరికింది.

ఆ రోజు ఈగలను అంతగా తికమకపెట్టిందేమిటని మర్నాడు నోట్సు చూసిన ప్రొఫెసరు అడిగితే, స్థానిక కారణాలని చెప్పాడు ఉదయ్.