కడిగిన తరవాణి కుండ

జోగయ్య ఇంట్లో తరవాణి కుండను కడిగి నూరేళ్లు దాటింది. ఇవి కోతలు కావు. కావాలంటే చీపురుపల్లి చుట్టుపక్కల ఎవరినైనా అడగండి. ఆ కుండలోని పులుపు జోగయ్య తాత పెళ్లినాటిది. రోజూ ఇంత గంజి పోసి పులియనివ్వడం, ఇంత వంచుకోవడం తప్ప దాని అడుగు ఎలా ఉంటుందో చూసిన మనిషి లేడు. వైశాఖంలో ఆ తరవాణి అన్నం తిని పొలం వెళ్లినవాడికి గొడుగుతో పని లేదు.

తిండి పండించడం, వండడం, మిగిలినదాన్ని పారేయకపోవడం ఇప్పుడు కాలేజీలో పాఠాలయ్యాయి. ఆ పాఠాలకు జోగయ్యను గురువుగా ఎంచి, ‘మెంటార్’ అని రాసిన కార్డొకటి మెడలో వేశారు. బర్రెకు గడ్డి వేసేటప్పుడు కూడా ఆయన దాన్ని తీయలేదు. వారం రోజులు ఇంట్లో ఉండి నేర్చుకోవడానికి అరుణశ్రీ, గోపి అని ఇద్దరు పిల్లలు ముందురోజు సాయంత్రమే దిగారు. తరవాణి కుండ కథను ఆఖరి రోజు చెప్పి వాళ్లను నోరెళ్లబెట్టించాలని జోగయ్య దాచిపెట్టుకున్నాడు. కొంప ముంచింది అదే.

ఆయన భార్య జగ్గమ్మ మొక్కు తీర్చుకోవడానికి తెల్లవారుజామునే శ్రీకూర్మం బస్సెక్కింది. జోగయ్య పిల్లలను పెరట్లో నిలబెట్టి మొదటి పాఠం చెప్పాడు.

“పులిసిపోనాదని దేన్నీ పారబొయ్యకండి. కుడితి గోలెంలో పోస్తే బర్రె తాగుద్ది. గిన్నెలకి సబ్బొద్దు, బూడిదెట్టి తోమండి.”

చెప్పి పొలం వెళ్లాడు. ఎనిమిదింటికి తిరిగొచ్చేసరికి కుండ ఎండలో బోర్లించి ఉంది. తళతళలాడుతోంది.

“తాతా, వంటింటి మూల ఈ కుండలో గంజి పాడైపోయి ఉంది” అంది అరుణశ్రీ ఉత్సాహంగా. శృంగవరపుకోటలో ఫ్రిజ్ ఉన్న ఇంట్లో పెరిగిన పిల్ల. “పారబోయలేదు. మీరు సెప్పినట్టే కుడితిలో పోసీసాను. బూడిదెట్టి రెండుసార్లు తోమాను!”

గోలెంలోంచి బర్రె తలెత్తి మూతి నాక్కుంది.

“బాగా తోమినావమ్మా” అన్నాడు జోగయ్య. ఆయన ముఖం చూడగానే పిల్లకు ఏదో జరిగిందని అర్థమైంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పక తప్పలేదు. విని అక్కడే కూలబడి ఏడుపందుకుంది.

“మామ్మ నా మొకం సూడదు తాతా. నాను మా ఊరెల్లిపోతాను.”

“ఎల్లిపోతే పాఠం ఎవులు నేర్సుకుంతారు? మామ్మ రెండింటికి వస్తాది. ఈలోగా కుండ నిండుద్ది. నువ్వేటీ అనకు.”

జోగయ్య చెంబు పట్టుకుని బయల్దేరాడు. ఆ ఊళ్లో మగవాడు పరాయి ఇంటికెళ్లి కాఫీ అడగవచ్చు, కల్లు అడగవచ్చు. తరవాణి అడిగాడంటే మాత్రం ఇంట్లో పొయ్యి వెలగలేదని లెక్క.

“ఏటి బావా, సెంబట్టుకొచ్చినావు? అప్ప ఏదీ?” అంది పక్కింటి దేముడమ్మ.

“పొద్దున్నే ఎల్లిపోనాది. ఏటీ అడక్కు. ఓ సెంబుడు తరవాణి పొయ్యి.”

దేముడమ్మ కళ్లు చెమర్చాయి. చెంబు నింపి, పైన ఉల్లిపాయ కూడా పెట్టింది. రెండో ఇంట్లో తరవాణితోపాటు “ఈ వయసులో మగోడే తగ్గాల మావా” అన్న సలహా దొరికింది. నాలుగో ఇంటికి ఆయన కన్నా ముందే కబురు చేరింది. అక్కణ్ణుంచి ఎవరినీ అడిగే పని లేకపోయింది, గుమ్మాల్లో చెంబులతో నిలబడే ఉన్నారు. పదో చెంబుకి కుండ నిండింది.

ఒంటిగంటకి జగ్గమ్మ తమ్ముడు నూకయ్య ఇద్దరు పెద్దమనుషులతో ఆటో దిగాడు. దేముడమ్మ ఫోన్ చేసిందట.

“బావా! నలభై ఏళ్ల కాపరం! మా అప్పని ఏటన్నావు?”

నిజం చెబితే పిల్ల పరువు పోతుంది, చెప్పకపోతే తన పరువు పోతుంది. జోగయ్య తలుపు చాటున నక్కిన అరుణశ్రీ వైపు చూశాడు.

“తప్పు నాదే. నోరు జారినాను.”

క్షమాపణ చెప్పి, పట్టుకోక కొనిపెట్టాలని పెద్దలు తీర్పిచ్చారు. అంతలో జగ్గమ్మ ప్రసాదం సంచితో బస్సు దిగింది. నూకయ్య ఎదురెళ్లి, “అప్పా! నీకు నానున్నాను!” అని బావురుమన్నాడు.

“ఎవులు పోనార్రా?” అంది జగ్గమ్మ.

ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లి, తరవాణి కుండ మూత తీసి, వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

“ఇందల పదిళ్ల పులుపున్నాది. దేముడమ్మది ముందల తగుల్తంది.”

అరుణశ్రీ ఇంక ఆగలేకపోయింది. “మామ్మా, నానే కడిగీసాను. తాత తప్పేటీ నేదు.”

జగ్గమ్మ ప్రసాదం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

“ఓసి పిచ్చి గుంటా! కాపరానికొచ్చిన మూడో నాడు నానూ కడిగీసాను. సింతపండెట్టి మరీ తోమాను. మా అత్త కిక్కురుమన్నేదు. సెంబట్టుకుని నాలుగిళ్లు తిరిగొచ్చి నింపీసినాది. మీ తాతకి ఈ పొద్దుకీ తెల్దు. మనది పోతే దేముడమ్మింట ఉంటాది, దేముడమ్మది పోతే మనింట ఉంటాది. ఇది రాసుకో నీ పుస్తకంలో.”

“మరి తాతా, నూరేళ్ల కుండన్నారూ?” అన్నాడు గోపి.

“తప్పు రాసుకున్నావు, కొట్టీ” అన్నాడు జోగయ్య హుషారుగా. “ఆరు గంటల కుండ!”

పెద్దమనుషులతో సహా అందరూ తరవాణి అన్నమే తిన్నారు. గొడవ లేదని తేలినా తీర్పు తీర్పేనంది జగ్గమ్మ. పట్టుకోక కొనక తప్పలేదు. ఆ సాయంత్రం బర్రె ఇచ్చిన పాలు తోడు వేయకుండానే గడ్డపెరుగై కూర్చున్నాయి.

ఈ పాల సంగతొక్కటే నేను కల్పించింది. చింతపండు పెట్టి తోమిన సంగతి జగ్గమ్మ కల్పించిందో లేదో నాకు తెలియదు. సాక్ష్యం చెప్పాల్సిన అత్తగారు పోయి ఇరవై ఏళ్లయింది, జగ్గమ్మను అడిగే మొనగాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.