అర మార్కు ద్రాక్షాసవము

కొల్లేటి సరోవర తరంగ శీకర శీతలమైన పిల్లగాలి చేపల చెరువుల గట్ల మీదుగా మేత వాసనను మహా గౌరవముగా మోసికొని వచ్చుచుండగా, గూడకొంగలు గుంపులు గుంపులుగా దిగి తమ సంచి ముక్కులతో నీటిని కలచివైచుచుండగా, ఫాల్గుణ మాసమున, ఏకాదశియు అమావాస్యయు కాని, కథానాయకుని ధర్మపత్ని శ్యామలగారి అభ్యంతరము సైతము లేని ఒకానొక ఆదివారమున, పగలు పదకొండు గంటల వేళ, ఆకివీడుకు ఆవల చెరువు గట్టు మీది ఒక డాబా వరండాలో మహాసంగ్రామము జరిగెను. వినుడు! చెవులు గలవారెల్లరును వినుడు! వినపడనివారు పక్కవారిని అడిగి తెలిసికొనుడు!

ఆ సంగ్రామమునకు నాయకుడెవరయ్యా అందురా? ఏలూరు పుర నివాసి, విశ్రాంత తెలుగు పండితులు, ఎర్రసిరా కలమే ఖడ్గముగా ముప్పదినాలుగేండ్లు తరగతి గదులను గడగడలాడించిన వేంకటాచలం మాస్టారు. సంధి తప్పినవానిని వారు క్షమించి ఎరుగరు. సమాసము తప్పినవానిని కూర్చోనిచ్చి ఎరుగరు. అన్నిటికిని మించి, అరువదియారేండ్ల జీవితమున వారి పెదవి ఏ పాత్ర అంచునూ తాకలేదు. మంచినీళ్ళా? ఎత్తి పోసికొందురు. మజ్జిగా? ఎత్తి పోసికొందురు. పొగలు కక్కు కాఫీని సైతము జానెడెత్తు నుండి ధారగా జారవిడిచి, గుటుక్కున మింగి, కంటనీరు తుడుచుకొని, "ఎంగిలి కాలేదు" అని ప్రకటింతురు. నాలుక కాలిన సంగతి మాత్రము ప్రకటింపరు.

అట్టి ధీరోదాత్తునితో తలపడినవాడు వెంకట్రాజు. నేడు నలుబది ఎకరముల చేపల చెరువులకు అధిపతి. ఒకనాడు మాస్టారి తొమ్మిదో తరగతిలో చివరి బెంచీకి అధిపతి. వైరమునకు మూలము అర మార్కు. నవ్వకుడు! ఇరువదితొమ్మిదేండ్ల క్రిందట అర్ధసంవత్సర పరీక్షలో "ద్రాక్షాసవము రుచి ఎట్టిది?" అని మాస్టారు ఒక ప్రశ్న ఇచ్చిరి. తరగతి తరగతంతయు "మధురము" అని వ్రాసెను. వెంకట్రాజు ఒక్కడే "వగరు" అని వ్రాసెను. వానికెట్లు తెలిసెనో, ఏ మేనమామ సీసా అడుగున తెలిసెనో మనకేల? ఎర్రసిరా కొట్టివేత పడెను. వచ్చినవి ముప్పదినాలుగున్నర, కావలసినవి ముప్పదియైదు. ఆ సాయంకాలము తండ్రి వాని వీపును విమానము మోత మోగించెను. నాటి నుండి నేటి వరకు వెంకట్రాజు ఎంత ఎదిగినను, ఎన్ని లారీల చేపలు ఎగుమతి చేసినను, చుట్టముల నడుమ "తెలుగులో తప్పిన రాజు" అనియే ఖ్యాతి.

గత మాసమున ఏలూరులో ఒక పెండ్లి పందిట వాడు మాస్టారి పక్కన కూర్చుండి, బహు వినయముగా అడిగెను.

"మేష్టారూ, ఆ ద్రాక్షాసవం మీరెప్పుడైనా రుచి చూశారాండీ?"

"లేదు."

"మరి చూడకుండానే నా అర మార్కు ఎలా కొట్టేశారండీ?"

హా! ఆ ప్రశ్న గునపమువలె గ్రుచ్చుకొనెను. మూడు దినములు మాస్టారికి ముద్ద సహించలేదు. తెలియని విషయముపై తీర్పు చెప్పి, పిల్లవాని వీపు పగులగొట్టించితినా? నా కలము అబద్ధమాడెనా? నాలుగవ దినమున వెంకట్రాజుకు ఫోను చేసి శపథము చేసిరి.

"రుచి చూచెదను. తప్పు నాదైనచో అర మార్కు నీది. కాని ఒక్క నియమము! నా పెదవి దేనికిని తాకదు."

అదిగో, ఆ నియమమే యుద్ధమునకు కారణము.

వెంకట్రాజు ద్రాక్షతోటల నాసిక్ నుండి ఎర్రని ద్రాక్షాసవపు సీసా ఒకటి, మూడు తీరుల గాజు గ్లాసులు తెప్పించి వరండాలో బల్లపై బారులు తీర్చెను. ఒకటి బుంగవలె ఉబ్బి, మూతి బిగించుకొని, సన్నని ఒంటికాలిపై నిలిచెను. ఒకటి పొట్లకాయవలె పొడవుగా సాగెను. మూడవది ఆ రెంటికి నడుమ ఎటు పోవలెనో తోచక ఆగినది. మాస్టారు భార్యాసమేతముగా కుర్చీలలో ఆసీనులై ఆ గాజు సేనను ఎగాదిగా చూచిరి.

"ఇది వైన్ షాపు సరుకు కాదండి. మన వైన్ షాపుల్లో అన్నీ ఉంటాయండి, వైనొక్కటే దొరకదండి" అని వెంకట్రాజు విన్నవించెను. "ఎర్రదానికి ఈ బుంగ గ్లాసు వాడాలండి. కాడ పట్టుకుని, ఇలా తిప్పి, ముక్కు లోపల పెట్టి వాసన చూసి, పెదవికి ఆనించి..."

"ఆపు!"

మాస్టారు లేచి నిలిచిరి. పైపంచె భుజముపై ఎగిరిపడెను. గట్టు మీది గూడకొంగ ఒకటి అదిరిపడి నోటిలోని చేపను జారవిడిచెను.

"ఓరీ మత్స్యతటాకాధీశ్వరా! ఆనించుటయా? అరువదియారేండ్లుగా అస్పృష్టపాత్రమై, అనుచ్ఛిష్టమై, అకలంకమై వెలుగొందుచున్న ఈ అధరమును పరదేశీయమైన ఒక ఒంటికాలి గాజుబుడ్డి అంచునకు అప్పగింపుమందువా? సూర్యుడు కొల్లేటిలో మునిగి చావనీ! చెరువులు బోర్లపడనీ! నా పెదవి తాకదు గాక తాకదు!"

"చిత్తమండి" అని వెంకట్రాజు రెండడుగులు వెనుకకు వేసెను.

"ఏవండీ, ఆ లాల్చీ నిన్ననే గంజిపెట్టి ఇస్త్రీ చేయించాను" అని శ్యామలగారు కూర్చున్నచోటు నుండి కదలకయే పలికిరి. "ముందు నీళ్ళతో చూసుకోండి. మరక పడిందంటే మీరే ఉతుక్కోవాలి."

ఎంతటి వీరునికైనను భార్య మాట కవచము. సరే, నీటితోనే యుద్ధారంభము.

మొదట బుంగ గ్లాసు. మాస్టారు కాడ పట్టి, జానెడు పైకెత్తి, తల వెనుకకు వంచి, నోరు తెరచి ఒంపిరి. ఆ బిగిసిన మూతి నుండి నీరు ఒక క్షణము రానే రాదు. మరుక్షణము వెడల్పాటి తెరవలె ఒక్కుమ్మడి జారి, నోటిని తప్పించుకొని, రెండు ముక్కుపుటములలోనికి సూటిగా ప్రవేశించెను. తుమ్ములు! ఒకటి, రెండు, ఏడు! శ్యామలగారు చేతిసంచి నుండి తువాలు తీసి అందించిరి.

రెండవది పొట్లకాయ గ్లాసు. ఇది మరింత గడుసుది. వంచినకొలది నీరు అడుగుననే నక్కెను. ఇంకను వంచిరి. అప్పుడది గభాలున దూకి, గడ్డము మీదుగా కంఠమునకు, కంఠము నుండి లాల్చీలోపలికి, అక్కడినుండి ఎక్కడికి పోయెనో చెప్పుట మర్యాద కాదు. మాస్టారు ఒక్కసారి గజగజలాడి నిట్టనిలువున ఎగిరిరి. మూడవ గ్లాసు గురించి చెప్పవలసినదేమియు లేదు. అది ఎడమ చెవిని తడిపెను.

అప్పుడు వెంకట్రాజు ఇల్లాలు వీరదుర్గ వంటయింటి నుండి వేయించిన జీడిపప్పుతోపాటు ఒక స్టీలు గ్లాసు తెచ్చి బల్లపై పెట్టెను. అంచు వెలుపలికి విచ్చుకొన్న అచ్చమైన మన గ్లాసు. మాస్టారి కన్నులు మెరసెను. నీరు నింపి, మూరెడెత్తున పట్టి, వెండితీగవంటి ధారను నోటిలోనికి దించి, గటగట గటగట ఖాళీ చేసి, గ్లాసును బల్లపై ఠంగుమని మోపిరి.

"చూచితివా రాజూ! ఇదియే పాత్ర! పోయుము!"

"పొయ్యనండి."

"ఏల?"

"స్టీల్లో పోస్తే దాని రుచి మారిపోతుందండి. రేపు మీరే 'అది స్టీలు రుచిరా' అని నా అర మార్కు మళ్ళీ కొట్టేస్తారండి. ఇరవై తొమ్మిదేళ్ళు ఆగానండి. గాజులోనే తాగాలండి."

వాడన్నది నిజము. సందేహమున్న సాక్ష్యముతో తీర్పు చెప్పుట ఒకసారి చేసిన పాపము, రెండవసారి చేయుటెట్లు? గాజును పట్టినచో పెదవి పోవును. పెదవిని పట్టినచో సత్యము పోవును. ఆయన తడిసిన లాల్చీతో కుర్చీలో కూలబడి, చెరువు వంక చూచుచుండిరి. ఆ ముఖము చూచి వెంకట్రాజుకే జాలి వేసెను.

"పోనీ మేష్టారూ, స్ట్రా వేసుకుంటారాండీ?"

"స్ట్రా పెదవికి కాక మోకాలికి తగులునా?"

"పోనీలెండి, ఒక్కసారికి ఆనించెయ్యండి" అని శ్యామలగారు మెల్లగా చెవిలో అనిరి. "ఎవరూ చూడట్లేదు. రాజుగారిని అటు తిరగమంటాను."

"శ్యామలా, నేను చూచుచున్నాను గదా."

శ్యామలగారు తువాలు పిండి కుర్చీ వీపున ఆరవేసిరి.

ఇంతలో వీరదుర్గ గడియారము చూచి లేచెను. చెరువు నీటిలో ఉప్పెంత, పులుపెంత అని ప్రతిదినము పరీక్షించునది ఆమెయే. చుట్టములు వచ్చినను, రాజులు వచ్చినను ఆ పని ఆగదు. గది లోపలికి పోయి పరీక్ష సామాను సర్దుకొనుచు ఆమె హఠాత్తుగా ఆగెను. అట్టపెట్టె విప్పిన చప్పుడు వినవచ్చెను. అటుపిమ్మట ఆమె రెండు చేతులతో ఒక గాజు పాత్రను పట్టుకొని ద్వారమున నిలిచెను.

"మేష్టారూ, ఇది పనికొస్తుందేమో చూడండి. కొత్తదేనండి, ఇంకా వాడలేదు. వేణ్ణీళ్ళతో కడిగాను. రోజూ నేను ఇలాంటిదాంట్లోంచే నీటి పరీక్ష మందు పోస్తానండి, చుక్క పక్కకి పోదు."

తళతళలాడు గాజు. పక్కన అంకెలు. అంచున ఒకచోట పిట్టముక్కువలె ముందుకు సాగిన చిన్న పెదవి.

"దీనినేమందురమ్మా?"

"బీకరండి. ముక్కుంది కదండీ."

"ముక్కు!" మాస్టారు ఎగిరి గంతేసిరి. "చంచువు! చంచుపాత్ర! నా పెదవి తాకనక్కరలేకుండ తానే పెదవి తెచ్చుకొన్న పాత్ర! రాజూ, గాజేనా?"

"అక్షరాలా గాజేనండి. అభ్యంతరం లేదండి."

వెంకట్రాజు వంగి, యాభై అంకె దగ్గర కన్ను పెట్టి, ఎర్రని ద్రవమును సరిగ్గా గీత వరకు పోసెను. మాస్టారు తూర్పు ముఖముగా నిలిచిరి. లాల్చీ చేతులు మడిచిరి. చంచుపాత్రను ఎత్తిరి. ఓహో, ఏమని వర్ణింతును! పద్మరాగ ద్రవధారవలె, సన్నగా, నిటారుగా, అటు ముక్కునకు జంకక, ఇటు గడ్డమునకు వంగక, ఆ ఆసవము సూటిగా నాలుక నడుమకు దిగెను. చుక్క నేల పడలేదు. చుక్క లాల్చీని తాకలేదు. పెదవికిని పాత్రకును నడుమ చివరివరకు జానెడు ఆకాశము నిలిచెను.

మాస్టారు మింగలేదు. బుగ్గలు నింపుకొని, కన్నులు మూసి, నిలిచిరి. వెంకట్రాజు చేతులు కట్టుకొని నిలిచెను. నలుబది ఎకరముల ఆసామి, నలుబదిమూడేండ్లవాడు, జవాబు పత్రము చేతికిచ్చు దినమున నిలిచినట్లే నిలిచెను.

గుటుక్కుమని చప్పుడైనది. మాస్టారి ముఖము మొదట నుదుటి దగ్గర ముడుచుకొనెను. పిదప దవడల దగ్గర. పిదప నాలుక పైదవడకు అంటుకొని ఊడిరానని మొరాయించెను.

"రాజూ."

"ఆయ్."

"వగరురా."

వెంకట్రాజు ఒక అడుగు ముందుకు వేసెను.

"శుద్ధ వగరు. పచ్చి నేరేడుపండు నమిలినట్లున్నది. నీవు సరిగా వ్రాసితివి. నేనే ఎరుగక కొట్టివేసితిని. నీ వీపున పడినవన్నియు నావే నాయనా." మాస్టారు జేబులోని ఎర్రసిరా కలము తీసి, సీసాకు అంటించిన కాగితముపై, గుండ్రని చేవ్రాతతో '½' అని వేసి, క్రింద గీత గీసి, ముప్పదియైదు అని కూడిక వేసిరి. "తెలుగు, వెంకట్రాజు, ఉత్తీర్ణుడు."

వాడు ఆ సీసాను రెండు చేతులతో అందుకొని కండువాతో కన్నులు ఒత్తుకొనెను. "మా నాన్న ఉండుంటే చూపించేవాడినండి" అని మాత్రము అనగలిగెను.

అంతలో బల్ల అవతలి నుండి ఒక చప్పరింపు వినవచ్చెను. అందరును తిరిగి చూచిరి. శ్యామలగారు, ఎప్పుడు ఒంపుకొనిరో ఏమో, బుంగ గ్లాసు కాడను రెండు వేళ్ళతో సుతారముగా పట్టుకొని, అంచును హాయిగా పెదవులకు ఆనించుకొని ఉండిరి. గ్లాసు సగము ఖాళీ.

"అదేంటోనండీ, నాకు తియ్యగానే ఉంది."

"అమ్మగారూ! మీకు దణ్ణం పెడతానండి, ఊరుకోండి!" అని వెంకట్రాజు సీసాను గుండెకు హత్తుకొని కేక పెట్టెను.

మాస్టారు భార్యను చూచిరి. ఆమె పెదవిని చూచిరి. ఖాళీ అగుచున్న గ్లాసును చూచిరి. పిదప ఎర్రసిరా కలమునకు మూత బిగించి జేబులో పెట్టుకొనిరి.

"తీర్పు వెలువడినది. పునఃపరిశీలన లేదు."

జయము! జయము! కొల్లేటి నుండి ఏలూరు వరకు, ఏలూరు నుండి తాడేపల్లిగూడెము వరకు చాటుడు! యాభై మిల్లీలీటర్ల మహాసమరమున ఒక లాల్చీ మరకపడక మిగిలెను, ఒక పెదవి ఎంగిలిపడక మిగిలెను, ఒక రాజు తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో సరిగ్గా బొటాబొటిన గట్టెక్కెను!