పరాయివాళ్ళకే ఆరడుగులు

మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం ఉండాలన్న ఆదేశంలో ఒక ఘోరమైన లోపం ఉంది. ఏ మనిషికీ ఏ మనిషికీ మధ్య అన్నది అందులో రాయలేదు. ఆ లోపాన్ని సవరించిన ఘనత మా అపార్టుమెంటు సంక్షేమ సంఘానిది. కార్యదర్శిని నేనే కాబట్టి ఈ మాట సవినయంగా చెప్పుకుంటున్నాను.

ఆదేశం నోటీసు బోర్డుకెక్కిన రోజే కష్టం మొదలైంది. దూరం పాటించాలన్న కాగితాన్ని చదవడానికి నాలుగంతస్తుల జనం ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి నిలబడ్డారు. కింది ఫ్లాటు మేష్టారు కళ్ళజోడు మరిచిపోతే, ఆయన చెవిలో నేనే చదివి వినిపించాను. (మాస్కు తీసే చదివాను. లేకపోతే మాట ముద్దగా వస్తుంది.)

అసలు కష్టం మొహమాటం. చేతులు చాచి వచ్చేవాణ్ణి చూసి వెనక్కి జరిగేదెలా? మా అధ్యక్షుడి బావమరిది పలకరింపుకొచ్చి, ఆయన్ని కావలించుకుని మరీ తుమ్మాడు.

"ఏంటి బావా, ఒంట్లో బాలేదా?" అన్నారు అధ్యక్షుడు.

"మామూలు జలుబే బావా. మనింట్లో వాళ్ళకి అంత పెద్ద జబ్బులెందుకొస్తాయి?"

ఆ ఒక్క మాటతో మాకు విధానం దొరికింది. జబ్బు తెచ్చేది పరాయివాళ్ళు కనుక, దూరం చుట్టరికాన్ని బట్టి ఉండాలని ఆ సాయంత్రమే తీర్మానించాం. అన్నదమ్ములకూ వియ్యంకులకూ దూరం అక్కర్లేదు. పేకాట మిత్రులు ఒకరి ముక్కలు ఒకరికి కనబడనంత దూరంలో కూర్చుంటే చాలు. కూరగాయలమ్మేవాడికి ఆరడుగులు. మంచం దిగలేని తల్లితో మూడో అంతస్తులో అద్దెకుంటున్న నర్సు మాత్రం లిఫ్టు ఎక్కరాదు. మెట్లు ఎక్కవచ్చు గానీ రెయిలింగు ముట్టుకోరాదు.

"పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాను సార్. లిఫ్టులో ఒక్కదాన్నే వెళ్తాగా?" అందామె.

"నీ మీద గౌరవంతోనే ఇదంతా అమ్మా," అన్నారు అధ్యక్షుడు గేటు దగ్గర నుంచి.

(గౌరవం అబద్ధం కాదు. అంతకుముందే వైద్య సిబ్బంది కోసం మేడ మీద భుజం భుజం కలిపి చప్పట్లు కొట్టాం. ఆమె డ్యూటీలో ఉండి వినలేకపోయింది.)

ఇంకెక్కడా నర్సుకి ఇల్లివ్వడం లేదు కాబట్టి, ఆమె మెట్లే ఎక్కింది.

తర్వాత అధ్యక్షుడి మనవరాలి పుట్టినరోజు వచ్చింది. పిలిచింది మనవాళ్ళనే కనుక దూరం ప్రసక్తి రాలేదు. పిల్ల ఊదితే కొవ్వొత్తులు ఆరలేదు. బావమరిది గుండెల నిండా గాలి పీల్చి సాయం చేశాడు. ఆ కేకు అందరం తిన్నాం. తినకపోతే బాగుండదు కదా.

వారం తిరక్కుండా బిల్డింగు మొత్తం మంచమెక్కింది, పిలుపు అందని నర్సూ వాళ్ళమ్మా తప్ప. డ్యూటీ దిగి వచ్చాక ఆమె గడపగడపకీ తిరిగి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పేది. మెట్ల మీదుగానే, రెయిలింగు ముట్టుకోకుండా. లిఫ్టు సంగతి మాకెవరికీ తట్టలేదు. జ్వరం కదా.

సంఘం ఫోన్లోనే సమావేశమైంది.

"అందరికీ వచ్చి వాళ్ళిద్దరికే రాలేదంటే ఏంటర్థం? తెచ్చిందెవరో ఇంకా చెప్పాలా?" అన్నారు అధ్యక్షుడు, దగ్గు ఆగాక.

"మరి ఆ కేకు..." అని మేష్టారు నసిగారు.

"మా బావమరిదిని అంటున్నారా మేష్టారూ?"

మేష్టారు మొహమాటపడి తీర్మానానికి సరేనన్నారు. నెలాఖరుకల్లా నర్సు ఇల్లు ఖాళీ చేయాలన్న తీర్మానం ఏకగ్రీవమైంది.

నోటీసు రాశాను గానీ, మూడో అంతస్తు దాకా వెళ్ళే ఓపిక ఎవరికీ లేదు. అందుకని ఆ సాయంత్రం నర్సు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, తనే తీసుకెళ్ళి తలుపుకి అంటించుకోమన్నాను. ఆమె అక్కడే నిలబడి చదివింది.

"అమ్మని ఎక్కడికి తీసుకెళ్ళను సార్?"

అది తీర్మానం పరిధిలోకి రాదన్నాను. ఆమె నా వేలికి క్లిప్పు పెట్టి చూసి, "ఆక్సిజన్ కొంచెం తగ్గింది. ఈ రాత్రికి బోర్లా పడుకోండి. ఆయాసం వస్తే ఫోన్ చెయ్యండి, వస్తాను," అని చెప్పి మెట్లెక్కింది.

కాగితం కాస్త వంకరగా అంటించిందని ఆమె ఎదురింటాయన ఫోన్ చేసి చెప్పాడు. అయినా మేమేమీ అనలేదు. మాకూ మనసుంటుంది.