తమాలెల బండికి సొంత గొంతు

సోమవారం పొద్దున ఫిదెన్సియో పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. మొక్కజొన్న పిండిలో కూర పెట్టి, ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెల కుండను మూడు చక్రాల సైకిలు బండి మీదికి ఎక్కించాలి, స్పీకరు ఆన్ చేయాలి, పేటలోని వీధులన్నీ ఒక చుట్టు తిరిగి, కుండ ఖాళీ చేసుకుని భోజనం వేళకు ఇంటికి రావాలి. ఇస్తపలాపా పేటలో ఇంతకన్నా తక్కువ తెలివితో బతికేస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, తనూ బతకగలనని అతని నమ్మకం.

అంతకుముందు అతను బావమరిది రొగాసియానో నడిపే టైల్సు కొట్టులో పనిచేసేవాడు. రొగాసియానోకు పనివాళ్ళను పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు, ఈల వేసేవాడు. ఒకరోజు ఈల వినపడగానే ఫిదెన్సియో పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. తీరా చూస్తే ఆ ఈల కొట్టులోని కుక్క కోసం. కుక్కా, అతనూ ఒకేసారి చేరారు. రొగాసియానో కుక్కను మాత్రం మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే ఫిదెన్సియో ఉద్యోగానికి నీళ్ళొదిలి, ఇకమీద ఎవరి కిందా పనిచేయనని భార్య ఒబ్దూలియా ముందు ఒట్టు వేశాడు.

"సరే, ఈ శనివారం దాకా చూస్తా" అంది ఒబ్దూలియా. "అప్పటికీ బండి నిలదొక్కుకోకపోతే మళ్ళీ మా తమ్ముడి కొట్టుకే పో. ఈసారి ఎవరికోసం ఈలేశాడో అడిగి మరీ కదులు."

సొంత వ్యాపారంలో యజమాని, వంటవాడు, అంట్లు తోమేవాడు, అమ్మేవాడు అందరూ తనే. దీనివల్ల ఒక సౌకర్యం ఉంది. ఏదైనా చెడిపోతే ఎవరి తప్పని విచారణ జరపనక్కరలేదు. మొదటి విచారణ ఆదివారం మధ్యాహ్నమే తప్పింది. ఎర్ర కారం తమాలెలు పొయ్యి మీద ఉండగా ఫిదెన్సియో స్పీకరు పరీక్షించాడు. దాని రొదకు తట్టుకోలేక చెవుల్లో దూది పెట్టుకున్నాడు. కుండ అడుగున నీళ్ళలో వేసిన నాణెం గలగలమన్నంతసేపూ నీళ్ళున్నట్టు, గలగల ఆగితే ఇంకిపోయినట్టు. అది ఎప్పుడు ఆగిందో అతనికి తెలియలేదు. వీధిలో అందరికీ వాసన వచ్చాక అతనికీ వచ్చింది.

"మాడ్చేశావా అల్లుడూ?" అంది వాళ్ళ ఇంట్లోనే ఉండే అత్తగారు దోన్యా తోమాసా, గుమ్మంలో నిలబడి.

"కాస్త పొగ పట్టాయి అత్తయ్యా. రుచి బావుంటుంది."

"పొగ పట్టిన ఇల్లు కూడా బావుంటుంది, కాలిపోనంతవరకూ."

ఊళ్ళో తమాలెల బండ్లన్నీ ఎవరో ఎప్పుడో రికార్డు చేసిన ఒకే కేకను మోగిస్తుంటాయి. ఫిదెన్సియోకు అది నచ్చలేదు. సొంత బండి అన్నాక సొంత గొంతు ఉండాలని అతని పట్టుదల. ఆ సాయంత్రం వంటింట్లో ఫోను గూట్లో నిలబెట్టి, "వేడి వేడి తమాలెలు! ఫిదెన్సియో తమాలెలు! రండమ్మా రండి!" అని గుండెల నిండా అరిచాడు. అరుపు అంత బాగా వచ్చినందుకు పొంగిపోయి, రికార్డింగు ఆపడం మరిచి, బండి గొలుసుకు నూనె వేయడానికి బయటికి వెళ్ళిపోయాడు.

తమాలెలు ఉడుకుతుండగా ఇంట్లో ఎవరైనా కోపంగా ఉంటే అవి అలిగి పచ్చిగానే ఉండిపోతాయి. ఇది ఆ పేటలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. దోన్యా తోమాసాకు కోపానికి కొదవ లేదు. అందుకని పొయ్యి వెలిగించకముందే కుండ పక్కన పీట వేసుకుని, లోపలున్నదంతా కుండకు చెప్పేసి, మనసు ఖాళీ చేసుకుని లేవడం ఆమె అలవాటు. అల్లుడు ఎలాంటివాడైనా వ్యాపారం మునగకూడదన్న సదుద్దేశంతో ఆ సాయంత్రం పచ్చ కారం తమాలెల కుండ దగ్గర కూర్చుని, ఏమీ మిగల్చకుండా చెప్పింది. గూట్లో ఫోను కూడా వింది.

తెల్లవారి ఫిదెన్సియో మొదటి కేక విని చూసుకున్నాడు. మళ్ళీ మళ్ళీ మోగేలా పెట్టి, ఫోనుతో సహా స్పీకరును కుండ కింది పెట్టెలో దించి, దొంగలు ఎత్తుకుపోకుండా తాళం వేశాడు. తాళంచెవి వంటింట్లోనే వదిలాడు. స్పీకరు సరిగ్గా వీపు వెనకే ఉండటంతో చెవుల్లో మళ్ళీ దూది కుక్కుకుని పెడలు తొక్కాడు.

మొదటి వీధిలోనే ఇద్దరు ఆడవాళ్ళు బయటికి వచ్చారు. పచ్చవి రెండేసి కొన్నారు. కొని వెళ్ళిపోలేదు, బండి పక్కనే నడిచారు. మలుపు తిరిగేసరికి వాళ్ళు ఏడెనిమిది మందయ్యారు. అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నారు. కొత్తవాణ్ణి చూసి సిగ్గుపడుతున్నారనుకుని ఫిదెన్సియో మర్యాదగా టోపీ తీశాడు. తన గొంతులో ఇంత ఆకర్షణ ఉందని ఇన్నాళ్ళూ తెలియనందుకు, టైల్సు కొట్టులో పాడుచేసుకున్న ఏళ్ళను తలుచుకుని అతనికి నిజంగా బాధ కలిగింది.

రెండో వీధిలో మాంసం కొట్టు నాబోర్‌ది. బండి సరిగ్గా కొట్టు ముందుకు వచ్చేసరికి స్పీకరులో దోన్యా తోమాసా ఇలా అంటోంది:

"ఆ నాబోర్ గాడి త్రాసులో మాంసంతో పాటు వాడి బొటనవేలు కూడా తూగుద్ది. ఇన్నేళ్ళుగా కిలోల లెక్కన ఆ వేలు కొంటూనే ఉన్నా. న్యాయంగా చూస్తే ఈపాటికి అది నాదే అవ్వాలి!"

నాబోర్ కత్తితో సహా బయటికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. కత్తి ఊపుతూ ఏదేదో అరిచాడు. అతని చెయ్యి పైకీ కిందికీ పోవడం చూసి ఫిదెన్సియోకు అర్థమైనట్టే అనిపించింది.

"మధ్యకు కోసి ఇమ్మంటారా? అలాగే నాబోర్ గారూ" అని ఒక తమాలె రెండుగా కోసి అతని చేతిలో పెట్టాడు. "మొదటి రోజు. మీ దగ్గర పైసా తీసుకోను."

జనం గోడలు పట్టుకుని నవ్వారు. నాబోర్ చేతిలో తమాలెను చూసుకున్నాడు, తన బొటనవేలు చూసుకున్నాడు, కొట్టు మూసి ఫిదెన్సియో ఇంటివైపు నడిచాడు. ఇంటికి ఆర్డరు ఇవ్వడానికి వెళుతున్నాడేమోనని ఫిదెన్సియో సంతోషించాడు.

మూడో వీధిలో ఎదువీహెస్ ఇల్లు. పండగనాడు ఆమె మిరపకాయలు, మసాలాలు నూరి వండే మోలె కూర కోసం గుడి పెద్దలు కూడా గిన్నె పట్టుకుని నిలబడతారు. అది వాళ్ళ అమ్మమ్మ నేర్పిన వంట అని ఆమె అందరికీ చెబుతుంది. స్పీకరు వేరే సంగతి చెప్పింది.

"ఆ అమ్మమ్మని నేను చూశాగా! బజార్లో మూడో కొట్టులో, ప్లాస్టిక్ బాల్చీలో ముద్దగా ఉంటది. గరిటెతో తీసి అమ్ముతారు!"

ఎదువీహెస్ కిటికీ తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. ఈసారి ఆమె ఇంట్లో చెప్పులతోనే వీధిలోకి వచ్చి, ఫిదెన్సియో మొహం ముందు వేలు ఆడించి, తనూ అతని ఇంటిదారి పట్టింది. వెనక జనం ఇప్పుడు వీధి నిండా ఉన్నారు. అందరికీ పచ్చవే కావాలి. ఎర్రవి ఒక్కరూ ముట్టుకోవడం లేదు. ఫిదెన్సియోకు అంతుపట్టనిది ఇదొక్కటే.

"ఎర్రవి కూడా చూడండి తాతా" అని పక్కనున్న ముసలాయన్ని బతిమాలాడు.

ముసలాయన అతనికేసి జాలిగా చూశాడు. చెయ్యి చాపి అతని చెవిలో దూది పీకాడు.

"...ఇక మా అల్లుడు" అంటోంది స్పీకరు. "ఎర్రవి మాడ్చేశాడు, పొగ పట్టాయంటాడు. తినేవాళ్ళెవరైనా పచ్చవి తినండి. ఈలేస్తే వచ్చేవాడికి వ్యాపారమేంటి, నా తలకాయ్!"

ఆ వెంటనే అతని సొంత గొంతు, గుండెల నిండా: "వేడి వేడి తమాలెలు! ఫిదెన్సియో తమాలెలు! రండమ్మా రండి!"

ఫిదెన్సియో స్పీకరు ఆపుదామని వెనక్కి తిరిగాడు. పెట్టెకు తాళం. తాళంచెవి ఇంట్లో. ఇంటికి దారి మళ్ళీ ఆ మూడు వీధుల గుండానే. అతను తలొంచుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. ఎంత వేగంగా తొక్కితే అంత మంది బయటికి వచ్చారు. మొదటిసారి సరిగ్గా వినని వాళ్ళు ఈసారి కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అతనికి ఏడుపొక్కటే తక్కువ. శనివారం దాకా కూడా పోలేదు తన స్వాతంత్ర్యం, సోమవారం మధ్యాహ్నానికే తెల్లారిపోయింది.

ఇంటి ముందు నాబోర్, ఎదువీహెస్ గుమ్మానికి చెరోవైపు నిలబడి ఉన్నారు. మధ్యలో దోన్యా తోమాసా చేతులు కట్టుకుని ఉంది. ఫిదెన్సియో లోపలికి దూరి, తాళంచెవి తెచ్చి, స్పీకరు నోరు మూయించాడు.

"తప్పు నాదే" అన్నాడు వగరుస్తూ. "యంత్రం ఆపడం మర్చిపోయా. అందరూ క్షమించాలి."

"నువ్వెందుకు క్షమాపణ చెప్పడం? అన్నది నేను" అంది దోన్యా తోమాసా. "నాబోరూ, నీ మీద నేను చెప్పిందాంట్లో అబద్ధం ఉంటే చూపించు. ఏం ఎదువీ, బాల్చీ ఏ రంగుదో కూడా చెప్పనా?"

నిజం నిష్ఠూరంగా ఉంటుందంటారు. నాబోర్ మాత్రం ఆమె దగ్గరికి వంగాడు.

"అది సరేనమ్మా. మరి ఆ ఇంకో మాంసం కొట్టు పాస్కాసియో గాడి సంగతేంటి? వాడు మాంసానికి నీళ్ళు పట్టిస్తాడు. నామీద చెప్పినదానివి, వాడి మీద ఒక్క ముక్కైనా చెప్పకపోతే ఏం న్యాయం?"

"అదే నేనూ అడగాలని వచ్చా" అంది ఎదువీహెస్. "పండగ వంటకి బాల్చీ కొనేది నేనొక్కదాన్నేనా?"

వెనకనుంచి ఎవరో ఆడమనిషి అరిచింది. "రేపు బండి ఏ వీధికి వస్తది? నన్ను తిట్టేదుంటే ముందే చెప్పండి, మా తోడికోడల్ని కూడా పిలుస్తా!"

జనం బండి చుట్టూ మూగారు. పచ్చవి అప్పటికే అయిపోయాయి. ఉత్త చేతులతో నిలబడితే తిట్లు వినడానికే వచ్చామని మరీ బయటపడిపోతుందని ఎర్రవి కొన్నారు. కొన్నాక తిన్నారు. తిన్నాక పొగ రుచి బావుందన్నారు. కుండ ఖాళీ అయింది. ఫిదెన్సియో జన్మలో మొదటిసారి పూర్తిగా సంతోషించి, అత్తగారి చేతులు పట్టుకున్నాడు. ఆమె అతని చేతులు విడిపించుకుని, కుండలోకి తొంగి చూసి, రేపటికి పెద్ద కుండ కావాలంది.

మర్నాటి నుంచి పద్ధతులు ఏర్పడ్డాయి. దోన్యా తోమాసా రోజూ సాయంత్రం కుండ పక్కన కూర్చుని కోపం వదిలించుకునేది. కోపం సరిపోని రోజున పొరుగువాళ్ళు వచ్చి సాయం చేసేవారు. మొదట్లో ఉన్న ఫిదెన్సియో కేక వల్ల అసలు విషయం ఆలస్యమవుతోందని బుధవారం ఆమె దాన్ని తీయించేసింది. గురువారం బండి మీద అతని పేరు చెరిపించి తన పేరు రాయించింది. ఎక్కడ నెమ్మదిగా పోవాలో, ఎవరి గుమ్మం ముందు ఆగాలో వెనక కూర్చున్నట్టే చెప్పేది. చెవుల్లో దూది పెట్టుకోవడం నిషేధం.

శనివారం నాడు రొగాసియానో ఇంటికి వచ్చాడు. ఫిదెన్సియో పెరట్లో కుండ తోముతున్నాడు.

"కొట్టులో నీ చోటు ఖాళీగానే ఉంది బావా. వస్తావా?"

ఫిదెన్సియో నోరు తెరిచేలోగా వంటింట్లోంచి అత్తగారి ఈల వినపడింది. కుండ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అతను లేచి వెళ్ళాడు.

అది ఇప్పటికీ ఒక్క మనిషి నడుపుతున్న వ్యాపారమే. ఆ మనిషి సైకిలు మాత్రం తొక్కదు.